డెస్క్‌టాప్ ఐకాన్ల మధ్య ఖాళీ తగ్గించడం ఎలా?

విండోస్ 11లో ఐకాన్లు మరీ దూరందూరంగా ఉన్నాయి. కంట్రోల్ పట్టుకుని మౌస్ వీల్ తిప్పితే సైజు మారుతోంది, నాకు కావాల్సింది మాత్రం ఖాళీ తగ్గడం. సెట్టింగ్స్ అంతా వెతికాను, ఎక్కడా లేదు.

జవాబు 1:
సెట్టింగ్స్‌లో ఉండదండీ, రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన లోపలి సెట్టింగ్స్ దాచుకునే చోట మార్చాలి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి రెజెడిట్ (regedit) అని కొట్టండి. అందులో హెచ్‌కీ కరెంట్ యూజర్ (HKEY_CURRENT_USER) తెరిచి వరసగా కంట్రోల్ ప్యానెల్, డెస్క్‌టాప్, విండో మెట్రిక్స్‌లోకి వెళ్లండి. దానిమీద రైట్‌క్లిక్ చేసి ముందు ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, తేడా వస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఐకాన్‌స్పేసింగ్ విలువ మామూలుగా -1125 ఉంటుంది. పిక్సెల్‌ని -15తో గుణిస్తే వచ్చే లెక్క అది, అంటే 75 పిక్సెల్స్. 60 కావాలంటే -900. మైనస్ గుర్తు మరవకండి. సైన్ అవుట్ అయి మళ్లీ లాగిన్ అయితేనే కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అడ్డంగా దగ్గరయ్యాయి, నిలువుగా అలాగే ఉన్నాయి.

జవాబు 2:
నిలువుకి వేరే ఎంట్రీ, ఐకాన్‌వర్టికల్‌స్పేసింగ్. అదీ మార్చండి. మరీ తగ్గిస్తే పొడుగు పేర్లు ఇరుక్కుపోతాయి, నన్నడిగితే -900, అంటే 60 పిక్సెల్స్ కంటే తగ్గించొద్దు. తర్వాత ఖాళీచోట రైట్‌క్లిక్, వ్యూలో అలైన్ ఐకాన్స్ టు గ్రిడ్ టిక్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే పాత ఐకాన్లు ఉన్నచోటే ఉండిపోతాయి.