వైద్య విద్యలో లెక్చర్లను మూడో వంతుకు కుదించడం సరైనదేనా? ఏ పాఠాన్ని ఏ పద్ధతిలో చెప్పాలి?

రెండో అంతస్తు వార్డు (జనరల్ మెడిసిన్ అధ్యాపకుడు)

గత నెల ఒక రాత్రి మా వార్డులో ఒకాయన గుండె ఆగింది. మంచం పక్కనే ఉన్న హౌస్ సర్జన్ క్షణం ఆలస్యం చేయకుండా సీపీఆర్‌కు, అంటే ఆగిన గుండె కోసం ఛాతీని నొక్కడానికి, చేతులు వేశాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ మోచేతులు వంగిపోతున్నాయి. నొక్కిన ప్రతిసారీ కిందికి దిగుతున్నది పరుపు, ఛాతీ కాదు. నేను పరుగున వెళ్లి అతణ్ని పక్కకు జరిపి, రోగి వీపు కింద చెక్క పలక పెట్టించి నొక్కడం మొదలుపెట్టాను. ఆ రోగి బతికి ఇంటికి వెళ్లారు కాబట్టి ఈ సంగతి ఇంత నిదానంగా రాయగలుగుతున్నాను.

తెల్లవారాక ఆ అబ్బాయిని కూర్చోబెట్టి ఛాతీ ఎలా నొక్కాలో చెప్పమని అడిగాను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకు 2 శ్వాసలు. ఒక్క అంకె కూడా తప్పలేదు. ఎలా నేర్చుకున్నావంటే, చదివిన కాలేజీలో 150 మందికి కలిపి ఒక గంట లెక్చర్, చివర్లో మనిషి ఆకారపు ప్లాస్టిక్ బొమ్మ మీద సార్ చేసి చూపించారు, ముందు వరుసలోని ఏడెనిమిది మంది ఆ బొమ్మను ముట్టుకున్నారు అన్నాడు. విద్యార్థి నేర్చుకున్న పనులు నమోదు చేసే అతని లాగ్‌బుక్‌లో మాత్రం ‘స్వయంగా చేశాడు’ అని సంతకం ఉంది.

తప్పు ఆ అబ్బాయిది కాదు. 2019లో చేరిన బ్యాచ్ నుంచి మన దేశంలో సామర్థ్యాల ఆధారిత వైద్య విద్య అమలవుతోంది. ప్రతి పాఠ్యాంశం పక్కన విద్యార్థి ఏ మెట్టు దాకా రావాలో రాసి ఉంటుంది: తెలిసి ఉండాలా, ఎలా చేయాలో తెలిసి ఉండాలా, చేసి చూపాలా, రోగి మీద స్వయంగా చేయాలా అని. 1990లో వైద్య విద్యావేత్త జార్జ్ మిల్లర్ గీసిన పిరమిడ్‌లోని మెట్లే ఇవి. ‘చేసి చూపాలి’ అని రాసి ఉన్న పాఠాన్ని స్లైడ్లతో చెప్పి ముగించడం అంటే, ఈత గురించి ఉపన్యాసం చెప్పి పిల్లవాణ్ని బావిలోకి దింపడమే. లెక్చర్లు మొత్తం బోధనా సమయంలో మూడో వంతు మించరాదన్న నిబంధనను నిక్కచ్చిగా అమలు చేయాలని నా వాదన. కాదనేవారు చెప్పండి.

సుద్దముక్క (ఫిజియాలజీ)

కాదనేదాన్ని నేనున్నాను సార్. మీ వార్డులో జరిగినదానికి మనసు కలుక్కుమంది. కానీ అందుకు కారణం లెక్చర్ కాదు, లెక్చర్‌ను దాని చోటు కాని చోట వాడడం.

గుండె చక్రం పాఠం తీసుకోండి. నేను ఇప్పటికీ నల్లబల్ల మీదే చెబుతాను. బృహద్ధమని పీడనానికి ఎర్ర సుద్ద, ఎడమ జఠరిక పీడనానికి తెల్ల సుద్ద. తెల్ల గీత పైకి లేస్తూ ఎర్ర గీతను దాటే చోట ఆగుతాను. ‘ఇప్పుడేమవుతుంది?’ అంటాను. హాలంతా నిశ్శబ్దం. ఎక్కడో ఒక అమ్మాయి ‘కవాటం తెరుచుకుంటుంది’ అంటుంది. మళ్లీ తెల్ల గీత కిందికి జారి ఎర్రదాన్ని దాటినప్పుడు కవాటం మూసుకుని గుండె రెండో శబ్దం వినిపిస్తుందని నేను చెప్పనక్కర్లేదు, వాళ్లే అంటారు. ఆ గీత చేతితో గీస్తున్నంత నెమ్మదిగా సాగితేనే 150 మంది ఆలోచనలు దానితోపాటు నడుస్తాయి. అర్థం కావడమే లక్ష్యమైన పాఠానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు 26 ఏళ్లలో కనబడలేదు. పది మంది విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి ‘మీరే చర్చించుకోండి’ అంటే, తెలిసిన ఒక్కరు చెబుతారు, తెలియని తొమ్మిది మంది రాసుకుంటారు.

ఇక మూడో వంతు సంగతి. ఆ మాట కొత్తది కాదు, 1997 నిబంధనల్లోనూ ఉంది. 22 ఏళ్ల తర్వాత మళ్లీ రాయవలసి వచ్చిందంటే మధ్యలో ఏం జరిగిందో ఆలోచించండి. 2019 నిబంధనల్లో ఫిజియాలజీకి లెక్చర్లు 160 గంటలు, ప్రాక్టికల్స్, చిన్న బృందాల బోధన కలిపి 310, స్వయం అభ్యసనం 25. కాగితం మీద చక్కగా ఉంది. 150 మందిని పదేసి మందిగా విడదీస్తే 15 బృందాలు, 15 గదులు, 15 మంది అధ్యాపకులు. ఎక్కడున్నారు? అందుకే చాలా చోట్ల 50 మందిని కూర్చోబెట్టి స్లైడ్లు వేసి, రిజిస్టరులో ‘చిన్న బృందం’ అని రాస్తున్నారు. పేరు మార్చుకున్న లెక్చర్ అది. నేరుగా లెక్చర్ అని చెబితే కనీసం నిజాయితీ ఉంటుంది.

మూడో సంవత్సరం విద్యార్థిని

సార్, మేడమ్, మా వైపు నుంచి ఒక మాట. వార్డు పోస్టింగులో ఒక మంచం చుట్టూ మేం పాతిక మందిమి నిలబడతాం. నాకు కనిపించేది ముందున్నవారి తెల్లకోట్ల వీపులు. కాలేయం తాకి చూసే అవకాశం నలుగురికి దొరుకుతుంది. అయిదో మనిషి వచ్చేసరికి ‘ఇక చాలమ్మా, నొప్పిగా ఉంది’ అని ఆ పెద్దాయన అంటారు, ఆయన అనడంలో తప్పేముంది? ఇది లెక్చర్ కాదు కాబట్టి మంచి పద్ధతి కింద లెక్కకు వస్తోంది. నాకైతే ఆ గంటలో దక్కింది ఏమీ లేదు.

రెండోది పరీక్ష. నీట్ పీజీలో 200 ప్రశ్నలు, అన్నీ నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునేవే. క్యాథెటర్ (మూత్రం గొట్టం) సరిగ్గా వేయగలనో లేదో అక్కడ ఎవరూ అడగరు. అందుకే మా బ్యాచ్‌లో సగం మంది వార్డు నుంచి తప్పించుకుని ఫోనులో వీడియో పాఠాలు వింటున్నారు. మీరు పద్ధతి ఎంత మార్చినా పరీక్ష ఏది అడిగితే మేం అదే చదువుతాం. ఇది చెప్పడానికి నాకు సంతోషంగా ఏమీ లేదు.

స్టాఫ్ నర్సు, 22 ఏళ్ల సర్వీసు

డాక్టర్లు మాట్లాడుకునే చోట నేను రాయవచ్చో లేదో తెలియదు. అయినా ప్రతి ఏడాది కొత్తగా వచ్చే హౌస్ సర్జన్లకు సెలైన్ పెట్టడం నేర్పేది మేమే కాబట్టి రాస్తున్నాను.

వాళ్లకు సూదుల సైజులు చెప్పే రంగులన్నీ తెలుసు. గులాబీ 20, ఆకుపచ్చ 18, నీలం 22. సూది మొన వాలు పైకి ఉండాలని తెలుసు. తెలియనిది ఎడమ చేతి బొటనవేలి పని. నరం కింద చర్మాన్ని ఆ వేలితో కిందికి లాగి పట్టుకోకపోతే నరం పక్కకు జారుతుంది, ముసలివాళ్లలో మరీను. రక్తం కనబడగానే సంబరపడి ఆగిపోతారు. అక్కడ సూదిని కాస్త వాల్చి ఇంకొంచెం ముందుకు పోనిచ్చి, అప్పుడు ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రమే జార్చాలి. చేతికి బిగించిన టోర్నికే పట్టీ విప్పకుండా సూది లాగేస్తే దుప్పటంతా రక్తం. ఇవన్నీ నేను వాళ్ల వేలి మీద నా వేలు పెట్టి చూపిస్తాను. రెండుసార్లు చూస్తారు, రెండుసార్లు నాకు సాయం చేస్తారు, ఆ తర్వాత నేను పక్కన నిలబడతాను. దీనికి మీ పుస్తకాల్లో పేరు ఏదైనా ఉందేమో, మా సీనియర్ సిస్టర్ నాకు ఇలాగే నేర్పారు.

రెండో అంతస్తు వార్డు

సిస్టర్, మీరు రాయకపోతే ఈ చర్చకు అర్థమే లేదు. పేరు ఉంది: డీఓఏపీ. చూపడం, గమనించడం, సాయపడడం, చేయడం. మన పాఠ్య ప్రణాళికలో చాలా నైపుణ్యాలకు ఈ పద్ధతిని సూచించారు. మీరు పేరు తెలియకుండా చేస్తున్నారు, మేం పేరు రాసుకుని చేయడం లేదు.

మాంచెస్టర్ తెలుగు (సైకియాట్రీ, ఇంగ్లండ్)

మూడో రకం లక్ష్యం ఒకటి ఉంది, ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు. 1956లో విద్యావేత్త బ్లూమ్ బృందం విద్యా లక్ష్యాలను జ్ఞానం, నైపుణ్యం, వైఖరి అని మూడుగా విడదీసింది. వైఖరిని ఎలా నేర్పుతారు?

నేను ఇక్కడి లైసెన్సు పరీక్షకు మాంచెస్టర్‌లో కూర్చున్నాను. ఒక్కో స్టేషనుకు, అంటే పరీక్షలోని ఒక్కో గదికి, 8 నిమిషాలు, లోపల రోగిగానో బంధువుగానో నటించేవారు ఉంటారు. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ ప్రవేశపెట్టిన పరీక్షా పద్ధతి ఇది. ఒక స్టేషనులో ఒక తల్లికి చెడు వార్త చెప్పాలి. ఆరు మెట్ల స్పైక్స్ పద్ధతి నాకు కంఠతా వచ్చు. మూడో నిమిషంలో ఆమె ముఖం చేతుల్లో దాచుకుంది. నేను ఆగలేదు. నాలుగో మెట్టు, అయిదో మెట్టు చెప్పుకుంటూ పోయాను. ఆ స్టేషనులో తప్పాను. ఆ రోజు నేర్చుకున్నది ఒక్కటే: ఆ క్షణంలో నోరు మూసుకుని కూర్చోవడం. అది ఏ లెక్చర్ నేర్పగలదు మేడమ్?

సుద్దముక్క

నేర్పలేదు. ఒప్పుకుంటున్నాను. వైఖరికి, నైతికతకు, సంభాషణకు సంబంధించిన ఏట్‌కామ్ మాడ్యూళ్లలో మొదటి ఏడాదికి ఒకటి ఉంది, మృతదేహమే మన తొలి గురువు అని. దాని మీద కూడా స్లైడ్లు వేసిన చోటు నాకు తెలుసు. డిసెక్షన్ హాలులో ఆ బల్ల పక్కన రెండు నిమిషాలు మౌనంగా నిలబెట్టి ఉంటే సరిపోయేది. కానీ నా మొదటి మాట మీద నేను ఉన్నాను. లక్ష్యాన్ని బట్టి పద్ధతిని ఎంచుకోవాలంటూనే, అన్ని సబ్జెక్టులకూ కలిపి ‘మూడో వంతు’ అని ముందే ఎలా కోసేస్తారు? కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టినట్లు ఉంది.

పీహెచ్‌సీ డాక్టర్

నా ఓపీలో ప్రతి రోజూ వినే మాట ‘కళ్లు తిరుగుతున్నాయండీ’. చదువుకున్నప్పుడు తల తిరుగుడు, స్పృహ తప్పబోవడం, నీరసం వేరువేరు అధ్యాయాలు. ఇక్కడ మూడింటికీ మా ఊరివాళ్లది ఒకే మాట. ‘గది మీ చుట్టూ తిరిగినట్లు ఉందా, లేక కళ్లకు చీకట్లు కమ్మాయా?’ అని అడగడం నేను ఉద్యోగంలో చేరిన రెండో నెలలో ఒక ముసలమ్మ దగ్గర నేర్చుకున్నాను. ‘అబ్బే, తిరగలేదు బాబూ, నిలబడగానే నల్లగా కమ్మింది’ అంది. బీపీ మాత్ర డోసు తగ్గించాను, వారంలో లేచి తిరిగింది.

మా కాలేజీలో రోగి చరిత్ర అడగడం రోల్ ప్లేతోనే నేర్పారు. పద్ధతి సరైనదే. కానీ రోగి వేషం వేసిన మా స్నేహితుడు ఇంగ్లీషులో, పాఠ్యపుస్తకం భాషలో జవాబులు చెప్పాడు. మన దగ్గర రోగి తెలుగులో చెప్పుకుంటాడు. రోల్ ప్లే చేయించేవారు దయచేసి ఆ ముసలమ్మ మాటల్లో చేయించండి.

రెండో అంతస్తు వార్డు

సుద్దముక్క మేడమ్, ఒక విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మూడో వంతు అన్న కొలబద్ద అన్ని సబ్జెక్టుల మీదా ఒకేలా పెట్టకూడదు. మీ గుండె చక్రం మీ చేతిలోనే, మీ సుద్దతోనే ఉండాలి. కానీ లాగ్‌బుక్ విషయంలో ఒక్క అంగుళం కూడా తగ్గను. విద్యార్థి చేయనిదాన్ని చేశాడని రాసి సంతకం పెట్టడం అబద్ధం, దానికి అధ్యాపకుల కొరత సాకు కాదు.

మా యూనిట్‌లో ఇలా మొదలుపెట్టాం. 150 మందికి ఒకేసారి నేర్పితే, బొమ్మ ఒక్కటే కాబట్టి మనిషికి రెండు నిమిషాల చొప్పున వేసుకున్నా అయిదు గంటలు. అందుకని పోస్టింగుకు వచ్చే పది మందికే, వచ్చిన మొదటి రోజునే. బొమ్మను బల్ల మీద కాకుండా వార్డు మంచం మీద, పలక లేకుండా ఒకసారి, పలకతో ఒకసారి నొక్కిస్తున్నాం. తేడా వాళ్ల అరచేతికే తెలుస్తుంది. మోచేతులు నిటారుగా రెండు నిమిషాలు నిలిస్తేనే సంతకం. ఈసారి పదిమందిలో నలుగురికి పెట్టలేదు, మళ్లీ రమ్మన్నాను. విద్యార్థిని అడిగిన పరీక్ష ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదమ్మా. అది మన చేతిలో లేదు, మా యూనిట్ ఇంటర్నల్స్‌లో ఈ మార్కులు కలపడం వరకే మన చేతిలో ఉంది.

సెలైన్ పెట్టడం కూడా ఇలాగే సిస్టర్లతో నేర్పించి, వాళ్ల సంతకం కూడా తీసుకోవాలని ఉంది.

స్టాఫ్ నర్సు, 22 ఏళ్ల సర్వీసు

మంచి మాట సార్. మీ సిస్టర్లను అడిగేటప్పుడు ఉదయం అడగకండి, మందుల వేళ ఎవరికీ ఊపిరి ఆడదు. మధ్యాహ్నం రెండున్నర దాటాక పంపండి, ఒక్కసారి ముగ్గురిని మించి వద్దు. గాజులు, వాచీలు తీసి, చేతులు కడుక్కుని రమ్మనండి. రోగి పేరు అడిగి, ఏం చేయబోతున్నామో చెప్పాకే చెయ్యి పట్టుకోవాలని ముందే చెప్పి పంపండి.