చిన్న ల్యాబులకు ఎన్ఏబీఎల్ గుర్తింపు తప్పనిసరి చేయాలా, వద్దా?

గట్టుమీద_రాము:
వానలతో పాటు డెంగీ కూడా మొదలైంది. మా తమ్ముడికి పొద్దున ఒక ల్యాబులో ప్లేట్‌లెట్లు 42 వేలన్నారు. ఇంటిల్లిపాదికీ టెన్షన్, బెడ్ కోసం ఫోన్లు కూడా చేసేశాం. మధ్యాహ్నం ఇంకో ల్యాబులో చేయిస్తే లక్షా 10 వేలు! రెండు చోట్లా డబ్బులు కట్టాం. ఏది నమ్మాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

టిఫిన్ సెంటర్ పెట్టినా ఫుడ్ లైసెన్సు అడుగుతారు. మందుల షాపులో ఫార్మసిస్టు ఉండాలంటారు. ల్యాబులు సరిగ్గా పనిచేస్తున్నాయో చూసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్. ఆ గుర్తింపు మాత్రం ఇష్టముంటే తీసుకోవచ్చు, లేకపోతే లేదు. 2020లో ప్రైవేటు ల్యాబు కోవిడ్ ఆర్‌టీపీసీఆర్ చేయాలంటే ఆ గుర్తింపు ఉండాల్సిందేనని కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ షరతు పెట్టింది కదా. అప్పుడు కుదిరినది ఇప్పుడెందుకు కుదరదు? రెండేళ్లు గడువిచ్చి, తెచ్చుకోని ల్యాబులు మూసేయాలి. మీరేమంటారు?

మండలం_ల్యాబు:
రామన్నా, మూసేయమనడం తేలికే. నేను డీఎంఎల్‌టీ (ల్యాబు టెక్నీషియన్ డిప్లొమా) చేసి మండల కేంద్రంలో ల్యాబు నడుపుతున్నా. షుగరు లాంటివి చూసే సెమీ ఆటో ఎనలైజరు, రక్తకణాలు లెక్కపెట్టే త్రీ పార్ట్ సెల్ కౌంటరు, గడ్డకట్టిన రక్తాన్ని తిప్పి పైన తేలే సీరం అనే ద్రవాన్ని వేరు చేసే సెంట్రిఫ్యూజు, ఒక ఫ్రిజ్, అంతే నా ఆస్తి. అందరూ ఎన్ఏబీఎల్ ఫీజే భారం అనుకుంటారు. అసలు ఖర్చు కంట్రోల్స్‌ది. కంట్రోల్ అంటే విలువ ముందే తెలిసిన సీరం. రోజూ పేషెంట్ల శాంపిళ్లకంటే ముందు దాన్ని పెట్టి, మిషను సరిగ్గా చదువుతోందో లేదో చూసుకోవాలి. పొడిగా వస్తుంది. నీళ్లు కలిపాక ఫ్రిజ్‌లో పెట్టినా కొద్ది రోజులే ఆగుతుంది. రోజుకు 300 శాంపిళ్లు చేసేవాడికి అదో లెక్క కాదు. నాకొచ్చే 15 శాంపిళ్లకి సగం వయల్ పారబోయడమే.

నన్ను మూసేస్తే ఏమవుతుందో కూడా చెప్తా. బోర్డు మార్చి ఏదో పెద్ద ల్యాబుకి కలెక్షన్ సెంటరైపోతా. పొద్దున ఏడింటికి తీసిన రక్తం పదింటి బస్సెక్కి మధ్యాహ్నానికి సిటీ చేరుతుంది. సీరం వేరు చేయకుండా పంపితే దారి పొడుగునా కణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గుతుంది. ఎర్ర కణాలు పగిలితే పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. అక్కడ మిషను ఖరీదైనదే, గోడకి సర్టిఫికెట్టూ ఉంటుంది. రిపోర్టు మాత్రం తప్పు.

పాథాలజీ_అక్క:
రాము గారూ, ముందు మీ తమ్ముడి రిపోర్టు సంగతి. రక్తం మరీ మెల్లగా వచ్చినా, ట్యూబులో పడ్డాక తలకిందులు చేసి కలపకపోయినా ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కొద్దిమందికి రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో వేసే ఈడీటీఏ అనే రసాయనం వల్లే అలా అవుతుంది. సెల్ కౌంటరు ఆ గుంపుల్ని ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు, కౌంటు పడిపోయినట్టు చూపిస్తుంది. అందుకే తక్కువొచ్చినప్పుడు స్మియర్ వేసి, అంటే స్లైడు మీద రక్తం పలచగా పరిచి, మైక్రోస్కోపు కింద చూడాలి. గుంపులు కనబడితే మళ్లీ రక్తం తీయాలి. ఒక స్లైడు, కాస్త లీష్మన్ స్టెయిన్ అనే రంగు, పావుగంట పని. డెంగీ సీజన్లో ఆ పావుగంటే ఎవరి దగ్గరా ఉండదు.

మండలం గారూ, ఖర్చు నిజమే. కానీ దాని పేరు చెప్పి కంట్రోల్ మానేస్తే నేను ఒప్పుకోను. కలిపిన వెంటనే చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టి రోజుకొకటి తీసుకోవచ్చు, కిట్టు కాగితంలో ఎన్నాళ్లు నిలవ ఉంటుందో రాసే ఉంటుంది. రీడింగును లెవీ జెన్నింగ్స్ చార్టులో, అంటే మధ్యలో సగటు గీత ఉండే రోజువారీ గ్రాఫులో, చుక్క పెట్టండి. చుక్కలు వరుసగా సగటు గీతకు ఒకే వైపు పడుతుంటే, రీఏజెంటు (టెస్టుకి వాడే రసాయనం) పాడవుతోందో, మిషన్లో బల్బు బలహీనపడుతోందో ముందే పట్టుకోవచ్చు. కొన్ని ల్యాబుల్లో చుక్కలన్నీ గీత మీదే పేర్చినట్టుంటాయి. అంత అందంగా ఉందంటే అవి మిషను ఇచ్చినవి కావు, కుర్చీలో కూర్చుని పెట్టినవి.

ఇంకో మాట. చిన్న ల్యాబుల కోసం ఎన్ఏబీఎల్ 2019లోనే ఎంట్రీ లెవెల్ స్కీము తెచ్చింది. మెడికల్ ల్యాబుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15189 ఉంది కదా, పూర్తిగా అది కాదు. షుగరు, బ్లడ్ కౌంటు, యూరిన్ లాంటి మామూలు టెస్టులకు కనీస నిబంధనలు. కనీసం అక్కడి నుంచైనా మొదలుపెట్టాలి కదా.

సింకు_సాక్షి:
మేడమ్, కాగితం మీద అన్నీ బాగుంటాయి. ల్యాబు రిపోర్టు మీద పాథాలజీలో పీజీ చేసిన డాక్టరే సంతకం పెట్టాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏమైంది? సంతకాలు అద్దెకొచ్చాయి. డాక్టరు గారు ఊళ్లోనే ఉండరు, ఆయన సంతకం మాత్రం కంప్యూటర్లో ఉంటుంది. ప్రింట్ కొడితే దానంతటదే పడుతుంది.

నేను పనిచేసిన ఒకచోట రష్ ఎక్కువైతే కొన్ని శాంపిళ్లు మిషను దాకా వెళ్లేవే కావు, సింకులోకి పోయేవి. రిపోర్టు 'నార్మల్' అని బయటికొచ్చేది. పంపిన డాక్టరుకి కమీషన్ పోగా మిగిలిన దాంట్లో రీఏజెంటు పొదుపే లాభం మరి. ఆ కమీషన్ జోలికి పోకుండా క్వాలిటీ గురించి ఎంత మాట్లాడినా వృథా.

గుర్తింపు కూడా ల్యాబు మొత్తానికి రాదు, టెస్టుల వారీగా వస్తుంది. ఇరవై టెస్టులకు తెచ్చుకుని, రెండొందల టెస్టుల రేట్ కార్డు మీద పెద్దక్షరాలతో వేసుకునేవాళ్లున్నారు. పేషెంటుకేం తెలుస్తుంది?

పాత_స్లైడు:
బాబూ, నేను టీబీ ప్రోగ్రాంలో ల్యాబు సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాను. మేం చూసిన పీహెచ్‌సీ మైక్రోస్కోపీ సెంటర్లకు ఎన్ఏబీఎల్ గిన్ఏబీఎల్ ఏమీ లేదు. అయినా తెమడ పరీక్ష నమ్మకంగా నడిచింది. ఎలాగంటే, టెక్నీషియన్ చూసేసిన స్లైడు పారేయడానికి లేదు. పెట్టెలో వరుసగా దాచాలి. నెలనెలా అందులోంచి కొన్ని ఏరి, ముందొచ్చిన రిజల్టు చెప్పకుండా ఇంకొకరికి చూపిస్తాం. తేడా వస్తే మూడో మనిషి తేలుస్తాడు. ఏ స్లైడు తీస్తామో తెలియదు కాబట్టి టెక్నీషియన్ అన్నీ ఒళ్లు దగ్గర పెట్టుకుని చూస్తాడు.

తేడా వచ్చిన చోటికి వెళ్తే చాలాసార్లు మనిషి తప్పు కనబడేది కాదు. స్లైడుకి వేసే కార్బల్ ఫుక్సిన్ రంగు వడపోసి ఉండరు, లెన్సుకి నూనె ఎండిపోయి ఉంటుంది. సీలు వేసే పని లేదు. కొత్త స్టెయిన్ చేసిచ్చి, పక్కన కూర్చుని నేర్పితే సరిపోయేది.

పీహెచ్‌సీ_సిస్టర్:
మా దగ్గర తెలంగాణ డయాగ్నొస్టిక్స్ అనే ప్రభుత్వ ఉచిత పరీక్షల పథకం ఉంది. 2018లో హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో మొదలై, 2021 నుంచి జిల్లాలకూ వచ్చింది. రక్తం తీయడం మా వంతు, టెస్టు జిల్లా హబ్బులో. పేషెంటు దగ్గర డబ్బే తీసుకోం కాబట్టి కమీషన్ గొడవ లేదు. మా బాధల్లా బండి గురించే. ఎండాకాలం బండి లేటయితే శాంపిల్ పాడైందని రిజెక్ట్ అవుతుంది, పేషెంటు ఇంకో రోజు కూలి మానుకుని రావాలి. అయినా రిజెక్ట్ చేయడమే మంచిది. పాడైన శాంపిల్‌కి ఏదో ఒక నంబరేసి పంపేవాళ్లతో పోలిస్తే నయం కదా.

పాథాలజీ_అక్క:
పాత_స్లైడు గారి మాటలో విషయముంది. బయటి నుంచి చెక్ చేసే ఏర్పాటు మాకూ ఉంది. బయోకెమిస్ట్రీకి వేలూరు సీఎంసీ, బ్లడ్ కౌంట్లకు ఢిల్లీ ఎయిమ్స్ శాంపిళ్లు పంపుతాయి. మన జవాబును మిగతా ల్యాబుల వాటితో పోల్చి చెప్తాయి. కాకపోతే వచ్చిన శాంపిల్ ఏదో అందరికీ తెలుసు. దాన్ని మూడుసార్లు రన్ చేస్తారు, పక్క ల్యాబుకి ఫోన్ చేసి 'మీకెంతొచ్చింది' అని కూడా అడుగుతారు. ఏరి తీసే పద్ధతిలో ఆ వీలుండదు.

చిక్కేంటంటే స్లైడు ఆగుతుంది, రక్తం ఆగదు. బ్లడ్ కౌంటు మళ్లీ చూడాలంటే ఆ రోజే చూడాలి. క్రియాటినిన్, కొలెస్ట్రాల్ లాంటివైతే సీరంను ఫ్రీజర్లో గడ్డకట్టించి దాచి తర్వాత చూడొచ్చు.

గట్టుమీద_రాము:
తప్పనిసరి అనే మాట తీసేస్తే మాత్రం నేను ఒప్పుకోను. మండలం అన్న కంట్రోల్ పెడతాడు, పక్క ల్యాబువాడు పెట్టడు. పెట్టనివాడి రేటు యాభై రూపాయలు తక్కువ, జనం అక్కడికే పోతారు. నిజాయితీగా చేసేవాడే నష్టపోతాడు. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2018లో ల్యాబులకు కనీస ప్రమాణాలు రాశారు. అవి కూడా ఆ చట్టాన్ని తీసుకున్న రాష్ట్రాలకే. ఎవరో ఒకరు గట్టిగా అడగాలిగా?

మండలం_ల్యాబు:
పక్కవాడి రేటు గురించి నువ్వన్నది అక్షరాలా నిజం అన్నా. అయితే సర్టిఫికెట్ కాదు, రోజువారీ కంట్రోలూ, ఏరి తీసే చెకింగూ తప్పనిసరి చేయమను. జిల్లా మొత్తానికి ఒకే లాట్ (ఒకే బ్యాచ్) కంట్రోల్ కొని పంచమను, డబ్బు మేమే కట్టుకుంటాం. చార్టు లేని ల్యాబుకి రెన్యువల్ ఆపేయమను. నేను సిద్ధం.

సింకు_సాక్షి:
చెకింగ్‌కి వస్తున్నామని ముందు రోజే ఫోన్ రాకపోతే అడగండి.

పాత_స్లైడు:
రానీ బాబూ ఫోను. పోయిన నెల స్లైడ్లు ఒక్క రాత్రిలో మార్చలేరు. అక్కయ్య గారు చెప్పిన సీరం కూడా అలాగే దాయిస్తే సరి. రోజుకి రెండు శాంపిళ్లు, తేదీ రాసి, నెల పాటు.

మండలం_ల్యాబు:
దానికి మైనస్ 20 కావాలి కదా సార్, నా ఫ్రిజ్ పై అర సరిపోతుందా?

పాథాలజీ_అక్క:
ఫ్రాస్ట్ ఫ్రీ అయితే వద్దు. మంచు కరిగించడానికి అది మధ్యమధ్యలో వేడెక్కుతుంది, సీరం కరిగి మళ్లీ గడ్డకట్టి పాడవుతుంది. ఐస్‌క్రీం షాపుల్లో ఉండే మామూలు డీప్ ఫ్రీజరు చూడండి, సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు. లోపల ఒక థర్మామీటరు పెట్టి రోజూ రెండు పూటలా రాసుకోండి.