ట్యాంకు మోటారుకి అల్ట్రాసోనిక్ సెన్సరా, ఫ్లోట్ స్విచ్చా?

బ్రెడ్‌బోర్డ్_బాబు:
ఊళ్ళో మా ఇంటి మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, కింద సంపు, 1 హెచ్‌పీ మోటారు. నేనుండేది హైదరాబాద్‌లో. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ట్యాంకు మూతకి హెచ్‌సీ-ఎస్‌ఆర్04 (శబ్దం పంపి, ప్రతిధ్వనితో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్) బిగించి, ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు), రిలే (బోర్డు నడిపే చిన్న కరెంటు స్విచ్)తో మోటారు దానంతటదే ఆన్, ఆఫ్ అయ్యేలా చేశాను. మూడు నెలలు బాగానే నడిచింది. మొన్న రాత్రి ట్యాంకు పొంగిపోతున్నా ఫోన్లో ఖాళీ అనే చూపించింది, మోటారు ఆగలేదు. సెన్సర్ మార్చాలా, ఫ్లోట్ స్విచ్ పెట్టాలా?

పాత_స్టార్టర్:
ఫ్లోట్ పెట్టు తమ్ముడూ. నీళ్ళతో పాటు అదీ లేస్తుంది, మోటారు ఆగుతుంది. కోడూ వద్దు, వైఫై వద్దు. ముప్పై ఏళ్ళుగా వైరింగ్ పనిలో ఉన్నాను, ఇంత సులువైన వస్తువు ఇంకోటి చూడలేదు.

టంకం_పొగ:
బాబూ, మీ కోడ్ చూడకుండానే ఒక మాట చెప్తాను. ఆ సెన్సర్‌కి ప్రతిధ్వని అందకపోతే ప్రతిధ్వని సమయం చెప్పే ఎకో పిన్ దాదాపు 38 మిల్లీసెకన్ల పాటు హైలోనే (ఆన్‌లోనే) ఉండిపోతుంది. దాన్ని మైక్రోసెకన్లలోకి మార్చి 58తో (సెంటీమీటరు దూరానికి శబ్దం వెళ్ళి రావడానికి పట్టే మైక్రోసెకన్లు) భాగిస్తే 650 సెంటీమీటర్ల పైన వస్తుంది. మీ ట్యాంకు ఎత్తు మీటరుంటే ఎక్కువ. కోడ్ దాన్ని నమ్మి 'ఖాళీ' అనుకుని మోటారు వేసింది. ట్యాంకు ఎత్తు కంటే పెద్ద అంకె వస్తే మోటారు ఆపెయ్యాలి, ఆ ఒక్క లైను చాలు. పైగా అది 2 సెంటీమీటర్ల లోపు కొలవలేదు, రాత్రిళ్ళు మూతకి పట్టే చెమ్మ సెన్సర్ ముందుండే ఆ రెండు డబ్బీల జాలీలోకి దిగుతుంది. సెన్సర్‌ని కాస్త ఎత్తులో పెట్టండి.

మిట్టమధ్యాహ్నం:
ఎండకి ట్యాంకులో గాలి వేడెక్కితే శబ్ద వేగం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకి 343 మీటర్లు, ఆపైన డిగ్రీకి 0.6 మీటరు చొప్పున కలపాలి. ఉష్ణోగ్రత సెన్సర్ లేకుండా ఇదంతా తప్పే.

టంకం_పొగ:
మీటరు లోతుకి నాలుగైదు సెంటీమీటర్ల తేడా అండీ. ట్యాంకు పొంగింది దానివల్ల కాదు.

మిట్టమధ్యాహ్నం:
తేడా తేడాయే.

గోలీసోడా:
వాటర్‌ప్రూఫ్ అల్ట్రాసోనిక్ సెన్సర్ వాడండి, జేఎస్‌ఎన్ అని ఉంటుంది.

పాత_స్టార్టర్:
ఒక లైను చాలంటారు, మళ్ళీ ఇంకో లైను. మా మేనల్లుడు బీటెక్ ప్రాజెక్టు కోఠిలో రెడీమేడ్‌గా కొనుక్కొచ్చాడు. రెసిస్టర్ మీద రంగులు చదవడం రాదు. మీ కుర్రాళ్ళకి ఫోన్లో కనిపిస్తే చాలు.

టంకం_పొగ:
నన్ను ఆ లెక్కలో వెయ్యకండి. ఫైనలియర్‌లో మూడు నెలలు కూర్చుని ఇలాంటి బోర్డే చేశాను. వైవాలో "ఫ్లోట్ సరిపోయేదానికి ఇదెందుకు?" అన్నారు, కనీసం ఆన్ చేసి చూపించనివ్వలేదు. మళ్ళీ అదే మాట మీ నోట వింటున్నాను. అసలు మీ ఫ్లోట్‌కి మీరు ఏం పంపుతారు? 230 వోల్టులు నేరుగా నీళ్ళలోకి. ఎండకి ఆ కేబుల్ తొడుగు పగిలితే?

పాత_స్టార్టర్:
ఆ మాట ఒప్పుకుంటాను. ఇప్పుడు నేను అడుగుతాను. ఆ నీలం రంగు రిలే మీద 10 ఆంప్స్ అని ఉంటుంది. 1 హెచ్‌పీ మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుగా తీసుకునేదానికి ఎన్నోరెట్లు లాగుతుంది. రోజూ అలా దెబ్బ తింటే కాంటాక్టులు అతుక్కుపోతాయి. నీ కోడ్ ఎంత బాగున్నా అప్పుడు మోటారు ఆగదు. నాకు తెలిసిన ఇంట్లో ఇదే అయింది. కొడుకు బెంగుళూరులో. తల్లి తడి చేత్తో ఆ ప్లాస్టిక్ డబ్బా మూత లాగింది. బతికింది కానీ రెండు వేళ్ళు కాలాయి. ఆ కట్టు నా కళ్ళతో చూశాను. అందుకే ఇంత కోపం. నాకు సెన్సర్ మీద పగ లేదు. చేసినవాడు ఊళ్ళో ఉండడు, దాంతో బతికేది ఇంకొకరు.

టంకం_పొగ:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు గురువుగారూ. బాబూ, మొన్న రాత్రి మోటారు ఎవరు ఆపారు?

బ్రెడ్‌బోర్డ్_బాబు:
అమ్మ. పాత స్టార్టర్ డబ్బా నేనే తీసేశాను, గోడ మీద రెండు స్క్రూ రంధ్రాలే ఉన్నాయి. ఎక్కడ ఆపాలో తెలియక నాకు ఫోన్ చేసింది, నేను నిద్రలో ఉన్నాను. చివరికి మీటరు దగ్గర మెయిన్ దించి, తెల్లారేదాకా ఫ్యాన్ లేకుండా ఉన్నారు. ఈ సంగతి ఇక్కడ రాయడానికి సిగ్గేసింది.

టంకం_పొగ:
అయితే ఇలా చెయ్యండి. మోటారుకి కాంటాక్టర్ (మోటారు కరెంటుని తట్టుకునే పెద్ద స్విచ్) పెట్టించండి, రిలే దాన్ని లాగే కాయిల్‌ని మాత్రమే నడపాలి. కాయిల్ 12 వోల్టులదైతే ఫ్లోట్‌ని దానితో సిరీస్‌లో పెట్టొచ్చు, ట్యాంకులోకి 230 వెళ్ళదు. మీ ఈఎస్‌పీ32 ఏం చెప్పినా నిండగానే ఫ్లోట్ తెంపేస్తుంది.

పాత_స్టార్టర్:
స్టార్టర్ డబ్బా మళ్ళీ అక్కడే బిగించు. ఎర్త్ ఉందో లేదో ముందు చూపించు.

బ్రెడ్‌బోర్డ్_బాబు:
శనివారం వెళ్తున్నాను. ఏమేం తేవాలో అమ్మని అడిగాను. "ఆ ఎర్ర బటన్ తీసుకురా" అంది.