సమస్యాపూరణం: కంపు వలన పులుసు కమ్మనయ్యె

ఈసారి సమస్య ఆటవెలది పద్యానికి నాలుగో పాదం: "కంపు వలన పులుసు కమ్మనయ్యె". పై మూడు పాదాలు మీవి. పోపు సామాన్లతోనే పూరించండి. ఊరికే మాటలు పేరిస్తే ఒప్పుకోను, ఆ కంపు ఏమైందో పద్యంలో కనబడాలి.

పోపుగరిటె:
ముక్కు మూసుకొనిరి మొదట నింగువ గని
నూనె కాగ వేయ నొక్క చిటికె
వీధి చివరి వరకు విరిసె ఘుమఘుమలు
కంపు వలన పులుసు కమ్మనయ్యె

నిర్వాహకుడు: రెండో పాదం చాలా నచ్చింది, కిటుకంతా ఆ కాగిన నూనెలోనే ఉంది. ఇంగువ అంటే ఒక మొక్క వేరుకు గాటు పెడితే కారి గట్టిపడే జిగురు, దాని కంపు అందులోని గంధకపు పదార్థాలది, నూనెలో పడగానే ఆ ఘాటు తగ్గి ఉల్లీ వెల్లుల్లీ వేగుతున్నట్టుండే వాసన మిగులుతుంది. కానీ ముక్కు మూసుకునేది చూసి కాదుగా! 'ఇంగువ గని' బదులు 'ఇంగువకును' అనండి, గణాలు (పాదంలో గురు లఘువుల కొలతలు) చెడవు.

శొంఠికొమ్ము: అఫ్గానిస్తాన్, ఇరాన్‌ల నుంచి తెప్పించుకునే ఈ ఇంగువని 2020లో హిమాచల్ లాహౌల్ లోయలో నాటారు, దాని మీదా ఎవరైనా రాయాలి. నేను మాత్రం వెల్లుల్లి ఎత్తుకున్నా.
దంచగానె లేచె దట్టమౌ వాసన
వెల్లిపాయలోని వింత గుణము
నూనెలో వేయించి నెమ్మది నెమ్మది
కంపు వలన పులుసు కమ్మనయ్యె

నిర్వాహకుడు: 'దంచగానె' సరైన పరిశీలన, రెబ్బ నలిగితేనే ఆ ఘాటు పుడుతుంది. మూడో పాదం మాత్రం కుదరలేదు. రెండో గణంలో రెండు గురువులు ('లో', 'వే') పడ్డాయి, 'నూ'కి 'నె'తో యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) చెల్లదు. 'నేతిలోన వేగ నెమ్మది నెమ్మది' అంటే రెండూ సర్దుకుంటాయి.

ధనియం:
మెంతి, యావ, మిరియ, మింపైన ధనియాలు
కలసి వేగినపుడు గదర రుచులు!
చిటికెడింగువొకటె చేసెనా యింతయు?
కంపు వలన పులుసు కమ్మనయ్యె?

పోపుగరిటె: సమస్యనే ప్రశ్న చేసేశారు, ఇది చెల్లుతుందా?

నిర్వాహకుడు: చెల్లుతుంది, పాదం అక్షరం మారలేదు కదా. నా అభ్యంతరం 'కలసి వేగినపుడు' మీద. అన్నీ ఒకేసారి వేస్తే ఆవాలు చిటపటమనే లోపే మెంతులు మాడి పులుసంతా చేదవుతుంది. 'వరుస వేగినపుడు వచ్చు రుచులు' అనండి, యతికీ మంచిది, పోపుకీ మంచిది.

ధనియం: 'వరుస' బాగుందండీ, మార్చేస్తా. మరి ఇంగువ ఎప్పుడు?

నిర్వాహకుడు: ఆవాలు చిటపటమన్నాక మెంతులు, అవి ఎర్రబడుతుండగా చివర్లో ఇంగువ, వెంటనే పొయ్యి కట్టేయాలి.