అప్‌డేట్: తలకిందుల పిరమిడ్ గురించిన నా సందేహం తీరింది

పర్యావరణ శాస్త్రవేత్త లిండెమన్ 1942 నాటి పరిశోధన ఆధారంగా చెప్పే సూత్రం ప్రకారం ఆహార గొలుసులో ఒక పోషక స్థాయి (మెట్టు) నుంచి పై మెట్టుకు సుమారు 10 శాతం శక్తే చేరుతున్నప్పుడు, సముద్రంలో జీవద్రవ్యరాశి పిరమిడ్ (ఒక్కో మెట్టులోని జీవుల మొత్తం బరువును చూపే బొమ్మ) కింద సన్నగా, పైన వెడల్పుగా, అంటే తలకిందులుగా ఎలా ఉంటుందని పోయిన వారం అడిగాను. ఓపికగా వివరించిన వారందరికీ కృతజ్ఞతలు.

ఒక క్షణంలో కనిపించే నిల్వనూ, కాలక్రమంలో జరిగే ఉత్పత్తినీ ఒకటిగా భావించడమే నా పొరపాటు. ఇంగ్లిష్ చానెల్‌లో చదరపు మీటరుకు వృక్షప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ మొక్కల్లాంటి జీవులు) 4 గ్రాములు, వాటిని తినే జంతుప్లవకాలు (నీటిలో తేలే చిన్న జంతువులు) 21 గ్రాములు అన్న పాఠ్యపుస్తకాల ఉదాహరణను మొదట అచ్చుతప్పే అనుకున్నాను. అయితే అనుకూల పరిస్థితుల్లో వృక్షప్లవకాలు ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపవుతాయి. పుట్టినవి పుట్టినట్టే మేతైపోతాయి కనుక నిల్వ ఎప్పుడూ పలుచగానే ఉంటుంది. మా వీధి చివరి టిఫిన్ బండి మీద ఎప్పుడు చూసినా ఒక్క వాయి ఇడ్లీలే కనిపిస్తాయి, కానీ పది గంటలయ్యేసరికి వీధి వీధంతా తిని వెళ్లి ఉంటుంది (ఈ పోలికను పరీక్షలో మాత్రం రాయను).

అడవిలో ఇందుకు భిన్నంగా, చెట్ల కాండాలు దశాబ్దాల తరబడి నిలిచి ఉంటాయి కాబట్టి అడుగుభాగమే బరువు. అసలు చిక్కుముడి విప్పింది ప్రమాణాలను చూడమన్న సలహా: జీవద్రవ్యరాశికి చదరపు మీటరుకు గ్రాములు, శక్తికి చదరపు మీటరుకు ఏడాదికి కిలోకేలరీలు. రెండో దానిలో కాలం ఉంది కనుక ఏడాది పొడవునా జరిగిన ఉత్పత్తి అంతా లెక్కకు వస్తుంది; ప్రతి మెట్టులోనూ శక్తి తగ్గుతూ పోతుంది కాబట్టి శక్తి పిరమిడ్ ఎన్నడూ తలకిందులు కాదు.