యూరప్ పునరుజ్జీవన కాలపు మానవతావాదం అంటే దేవుణ్ణి కాదనడమేనా?

బీఏ ఫైనల్ అమ్మాయి, తిరుపతి:
ఇంటర్నల్స్‌లో ఈ ప్రశ్నకి "దేవుణ్ణి పక్కనపెట్టి మనిషిని ముందుకు తెచ్చిన ఉద్యమం" అని మొదలుపెట్టి రెండు పేజీలు నింపాను. పదికి మూడు వేశారు. ఎందుకు సార్ అంటే "మొదటి వాక్యమే తప్పు" అని పేపర్ చేతిలో పెట్టి వెళ్లిపోయారు. గైడ్‌లో ఉన్నది అదే కదా! సెమిస్టర్ దగ్గరికొచ్చింది, టెన్షన్‌గా ఉంది.

హిస్టరీ పిచ్చోడు:
గైడ్ పారేయండి. వ్యాకరణం, వక్తృత్వం, కవిత్వం, చరిత్ర, నీతిశాస్త్రం కలిపి లాటిన్‌లో 'స్టూడియా హ్యుమానిటాటిస్' అనేవాళ్లు. అవి చెప్పే పంతులే ఇటలీలో 'ఉమనిస్తా'. మానవతావాదం (హ్యూమనిజం) అన్న పేరు ఆ బడిలోంచి వచ్చింది.

దస్తావేజు లేఖరి, చిత్తూరు:
అమ్మా, నాకు పెద్ద చదువు లేదు, పుస్తకాల పిచ్చి ఉంది. పదిహేనో శతాబ్దపు ఇటలీ మానవతావాది లొరెంజో వాల్లా గురించి చదివినప్పుడు ఈయన మా వృత్తివాడే అనుకున్నాను.

నాలుగో శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి రోమ్‌నీ పడమటి సామ్రాజ్యాన్నీ పోపుకి రాసిచ్చాడని ఒక దానపత్రం ఉండేది. 1440లో వాల్లా అందులో ఒక్కో మాటా గీకి చూశాడు. 'సాట్రప్‌లు' అని అధికారుల పేరు కనిపించింది, అది పర్షియా గవర్నర్లని పిలిచే మాట. రోమ్ దర్బారులో ఆ మాట ఎవరు వాడారన్నాడు. కాన్‌స్టాంటినోపుల్ పేరూ ఉంది. ఆ పట్నం అప్పటికింకా కట్టనేలేదే అన్నాడు. దొంగపత్రం!

మా మేనమామకి చంద్రగిరి దగ్గర ఎకరం మామిడితోట. అవతలివాళ్లు అగ్రిమెంట్ ఒకటి తెచ్చారు. తేదీ 2016. స్టాంపు కాగితం పాతదే, సంతకం అచ్చు గుద్దినట్టుంది. మామ ఆ సంతకం వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను షెడ్యూల్ చదివాను: 'తిరుపతి జిల్లా, చంద్రగిరి మండలం'. ఆ జిల్లా పుట్టిందే 2022 ఏప్రిల్ 4న! అంతకుముందు చంద్రగిరి మా చిత్తూరు జిల్లాలోదే.

బీఏ ఫైనల్ అమ్మాయి:
భలే ఉంది సార్. కానీ పోపు పత్రాన్నే దొంగదన్నాడంటే దేవుడికి ఎదురు తిరిగినట్టే కదా?

దస్తావేజు లేఖరి:
పోపు పెత్తనానికి ఎదురు తిరిగాడు. అదీ పోపుతో తగవులో ఉన్న అల్ఫోన్సో రాజు కొలువులో ఉంటూ (అంత అమాయకుడేం కాదు). తర్వాత పోపు దగ్గరే ఉద్యోగం చేశాడు! ఇంకో పెద్ద మానవతావాది, డచ్ పండితుడు ఎరాస్మస్ అయితే దీక్ష తీసుకున్న ప్రీస్టు. లాటిన్ బైబిల్ని గ్రీకు ప్రతులతో పోల్చి, 1516లో గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేయించాడు. దేవుడు వద్దనుకున్నవాడు ఆ ప్రతుల మీద కళ్లు పోగొట్టుకుంటాడా? పాత మాట అసలు ఏమిటి, ఎప్పటిది అని వెతకడం దగ్గర మీ జవాబు ఎత్తుకోండి.

హిస్టరీ పిచ్చోడు:
పద్నాలుగో శతాబ్దపు ఇటలీ కవి పెట్రార్క్‌నీ రాయండి. 1345లో వెరోనాలో ప్రాచీన రోమ్ వక్త సిసిరో ఉత్తరాలు దొరికితే, చదివి, ఎప్పుడో చచ్చిపోయిన సిసిరోకే నిష్ఠూరంగా ఉత్తరం రాశాడు. మన వేటూరి ప్రభాకరశాస్త్రి గారు అన్నమయ్య రాగిరేకుల ముందు కూర్చున్నారే, అలాంటి పిచ్చి.

బీఏ ఫైనల్ అమ్మాయి:
థాంక్స్ అండీ. సార్, ఇంతకీ ఆ తోట ఏమైంది?

దస్తావేజు లేఖరి:
వాయిదాల్లో ఉందమ్మా. ఈ ఏడు కాయ మాత్రం మామే కోశాడు.