బెర్లిన్‌లో చదువుకోవడానికి వస్తున్నాను, ఊరు చూడటం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. ఈ సెప్టెంబర్ చివర్లో మాస్టర్స్ కోసం బెర్లిన్ వస్తున్నాను. వీసా వచ్చింది, రూమ్ దొరికింది, పచ్చళ్లు కూడా ప్యాక్ అయ్యాయి. నాకన్నా ముందు వెళ్లిన ఫ్రెండ్స్ మాత్రం "మొదటి నెలలోనే పారిస్, ప్రాగ్, ఆమ్‌స్టర్‌డామ్ తిరిగేసెయ్, తర్వాత పరీక్షలు, పార్ట్‌టైమ్‌తో అస్సలు కుదరదు" అంటున్నారు. నేను ఒక్కదాన్నే తిరుగుతానంటే అమ్మకు టెన్షన్. డబ్బు కూడా చూసి ఖర్చు పెట్టాలి. అసలు బెర్లిన్‌లోనే ఏం చూడొచ్చు, ఎలా తిరగాలి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు

చెల్లీ, రా రా, స్వాగతం. నేను ఇక్కడే చదువుకుని ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్తాను: పారిస్ ఎక్కడికీ పోదు. మొదటి సెమెస్టర్ మొత్తం బెర్లిన్‌లోనే తిరుగు. ఏటా వచ్చే పిల్లలను చూస్తూనే ఉన్నాను. రెండేళ్లలో చాలా దేశాలు చుట్టి వస్తారు గానీ, ఉన్న ఊళ్లో రూమ్, కాలేజీ, ఇండియన్ స్టోర్ తప్ప నాలుగో చోటు తెలియదు. చలికాలం వచ్చి, సాయంత్రం నాలుగింటికే చీకటి పడేసరికి బెంగ పెట్టుకునేది ఎక్కువగా వాళ్లే. ఊరు తెలిసిన మనిషికి, బాగోలేని రోజున కూడా, వెళ్లడానికి ఒక చోటుంటుంది.

ముందు టికెట్ సంగతి. ప్రభుత్వ యూనివర్సిటీలో చేరితే ఫీజుతో పాటే సెమెస్టర్ టికెట్ వస్తుంది. దాంతో బెర్లిన్ మాత్రమే కాదు, జర్మనీ అంతటా సిటీ బస్సులు, మెట్రోలు, రీజినల్ ట్రైన్లు ఎక్కొచ్చు. ఐసీఈ లాంటి దూరపు ఫాస్ట్ ట్రైన్లకు మాత్రం చెల్లదు. ప్రైవేట్ యూనివర్సిటీలు అన్నిటికీ ఇది ఉండదు, నీది ప్రైవేట్ అయితే ఇప్పుడే మెయిల్ పెట్టి అడుగు. ఇంకొకటి, వింటర్ సెమెస్టర్ అక్టోబర్ 1న మొదలవుతుంది. నువ్వు సెప్టెంబర్‌లోనే దిగుతున్నావు కాబట్టి ఆ నాలుగు రోజులకు టికెట్ నువ్వే కొనుక్కోవాలి. టికెట్ల కోసం ఊరిని ఏ, బీ, సీ అని మూడు జోన్లుగా విడగొట్టారు. ఎయిర్‌పోర్ట్ సీ జోన్‌లో ఉంది, మూడింటికీ చెల్లే ఏబీసీ టికెట్ తీసుకో. ఏబీ టికెట్‌తో ఎక్కితే చెకింగ్‌లో 60 యూరోల ఫైన్. మెషీన్‌లో కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫామ్ మీదున్న చిన్న పెట్టెలో స్టాంప్ కొట్టించడం మర్చిపోకు. చెకింగ్ వాళ్లు మామూలు బట్టల్లోనే ఉంటారు.

దిగిన వారంలోనే 100 నంబర్ బస్సెక్కు. పైఅంతస్తులో ముందు సీటు దొరికితే వదలకు. జూ స్టేషన్ దగ్గర బయల్దేరి, విజయస్తంభం, రైష్‌టాగ్ (జర్మనీ పార్లమెంటు భవనం), ఊంటర్ డెన్ లిండెన్ రోడ్డు, మ్యూజియం ఐలాండ్ మీదుగా అలెగ్జాండర్ ప్లాట్జ్ చేరుతుంది. ఊరిని రెండుగా చీల్చిన బెర్లిన్ గోడ కూలిన మరుసటి ఏడాది, 1990లో, పడమర బెర్లిన్‌ను తూర్పు బెర్లిన్‌తో కలుపుతూ వేసిన రూట్ ఇది. టూరిస్ట్ బస్సులకు బోలెడు డబ్బు పోసి చూసేవి ఇందులో మామూలు టికెట్‌తోనే కనిపిస్తాయి. రైష్‌టాగ్ పైనున్న గాజు డోమ్‌కు ప్రవేశం ఉచితం. కాకపోతే ఆన్‌లైన్‌లో ముందే పేరు నమోదు చేసుకోవాలి, పాస్‌పోర్ట్ వెంట ఉండాలి.

గోడ అనగానే అందరూ ఈస్ట్ సైడ్ గ్యాలరీకి పోయి, మిగిలిన గోడ ముక్క మీద వేసిన బొమ్మల ముందు ఫోటో దిగుతారు. అదీ చూడు, 1.3 కిలోమీటర్ల పొడవునా నది పక్కనే నడవొచ్చు. కానీ గోడ అంటే ఏమిటో అర్థం కావాలంటే బెర్నావర్ స్ట్రాసకు వెళ్లాలి. నోర్డ్‌బాన్‌హోఫ్ స్టేషన్‌లో దిగు. గోడ ఉన్న రోజుల్లో పడమర బెర్లిన్ ట్రైన్లు తూర్పు బెర్లిన్ నేల కిందుగా వెళ్తూ ఈ స్టేషన్‌లో ఆగేవి కావు. లోపల దాని గురించి ఎగ్జిబిషన్ ఉంది. పైకి వస్తే ఆ వీధి. 1961 ఆగస్టులో గోడ మొదలైనప్పుడు అక్కడి ఇళ్లు తూర్పులో ఉంటే, ఇళ్ల ముందున్న ఫుట్‌పాత్ పడమరది. జనం కిటికీల్లోంచి కిందికి దూకి తప్పించుకున్నారు. కొందరు పడి చనిపోయారు. ఆ స్థలమంతా ఇప్పుడు స్మారకం, టికెట్ లేదు. పూర్తిగా చూడటానికి సగం రోజు పెట్టుకో. ఆ తర్వాత ఊళ్లో ఎక్కడ రోడ్డు దాటుతున్నా, తారు మధ్యలో రెండు వరసల రాళ్లు కనిపిస్తే అక్కడ గోడ ఉండేదని నీకే తెలిసిపోతుంది.

నడిచేటప్పుడు నేల వైపు కూడా చూడు. ఇళ్ల గుమ్మాల ముందు ఫుట్‌పాత్‌లో అరచేయంత ఇత్తడి పలకలు పొదిగి ఉంటాయి. ఒక్కో దాని మీద "ఇక్కడ నివసించారు" అని, కింద పేరు, పుట్టిన సంవత్సరం, ఏ తేదీన పట్టుకుపోయారు, ఎక్కడ చంపారు అని చెక్కి ఉంటుంది. నాజీల చేతుల్లో బలైనవాళ్లు తాము చివరిగా ఇష్టపడి ఉన్న ఇళ్లు అవి. ఒకే గుమ్మం ముందు తల్లి, తండ్రి, పిల్లల పలకలు పక్కపక్కనే ఉంటే అక్కడే కాసేపు నిలబడిపోతాం. నీ హాస్టల్ వీధిలోనూ ఉండొచ్చు, వెతుకు.

మన వైపు సంబంధం ఉన్నవి రెండు చెప్తాను, ఇవి టూరిస్ట్ పుస్తకాల్లో ఉండవు. ఊంటర్ డెన్ లిండెన్ మీదున్న హంబోల్ట్ యూనివర్సిటీలోనే మన మూడో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ 1926లో డాక్టరేట్ చేశారు. ఆయన పుట్టింది హైదరాబాద్‌లో. సరోజినీ నాయుడు తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ కూడా హైదరాబాద్‌లో పుట్టినవారే. మొదటి ప్రపంచ యుద్ధంలో భారత స్వాతంత్ర్యం కోసం ఈ ఊళ్లోనే బెర్లిన్ కమిటీని నడిపారు. యూనివర్సిటీకి ఎదురుగా బేబెల్ ప్లాట్జ్ ఉంటుంది. 1933 మే 10న నాజీ విద్యార్థులు పుస్తకాలు తగలబెట్టిన చోటు అదే. నేలలో ఒక గాజు పలక ఉంటుంది, వంగి చూస్తే కింద తెల్లటి ఖాళీ అల్మరాలు. మీలాంటి స్టూడెంట్లే ఆ పని చేశారన్నది గుర్తు పెట్టుకుని చూడు.

అక్టోబర్‌లో ఎండ వచ్చిన ఏ రోజునూ గదిలో గడపకు. టెంపెల్‌హోఫ్ మైదానానికి వెళ్లు. 2008లో మూసేసిన పాత ఎయిర్‌పోర్ట్ అది, రెండేళ్ల తర్వాత పార్కుగా తెరిచారు. రన్‌వే మీద సైకిల్ తొక్కొచ్చు, గాలిపటాలు ఎగరేయొచ్చు. అక్కడ ఇళ్లు కడతామని ప్రభుత్వం అంటే 2014లో ఊరి జనం ఓటేసి వద్దన్నారు. 1948లో సోవియట్‌లు దారులు మూసేసినప్పుడు పడమర బెర్లిన్‌కు తిండి, బొగ్గు విమానాల్లో దిగిన ముఖ్యమైన చోట్లలో ఇదొకటి. మ్యూజియాలు నవంబర్ నుంచి మొదలుపెట్టు, స్టూడెంట్ ఐడీ చూపిస్తే సగం ధరే ఉంటుంది చాలా చోట్ల. ఈజిప్టు రాణి నెఫర్టిటి తల శిల్పం నోయెస్ మ్యూజియంలో ఉంది. పెర్గమాన్ మ్యూజియం మరమ్మతుల కోసం 2023 అక్టోబర్‌లో పూర్తిగా మూసేశారు, వెళ్లే ముందు తెరిచారో లేదో చూసుకో.

ఆదివారం షాపులన్నీ బంద్. పాలు, బియ్యం శనివారమే తెచ్చుకో, మరీ అవసరమైతే సెంట్రల్ స్టేషన్‌లో సూపర్ మార్కెట్ తెరిచి ఉంటుంది. కూరగాయలకు మంగళ, శుక్రవారాల్లో మైబాఖ్ ఊఫర్ కాలువ పక్కన జరిగే టర్కిష్ మార్కెట్‌కు వెళ్లు. కొత్తిమీర, పుదీనా పెద్ద పెద్ద కట్టలు ఉంటాయి. సాయంత్రం మూసేసే వేళకు వెళ్తే ధర దించి కేకలేస్తుంటారు, మన రైతు బజార్ లాగే ఉంటుంది.

ఇంకో జవాబు

అక్క చెప్పినవన్నీ నిజం, నేను కాస్త జాగ్రత్తలు చెప్తానమ్మా. శుక్ర, శనివారం రాత్రుళ్లు మెట్రో తెల్లవార్లూ తిరుగుతుంది. మిగతా రోజుల్లో అర్ధరాత్రి దాటితే నైట్ బస్సులే దిక్కు, చివరి ట్రైన్ టైమ్ ముందే చూసుకో. గోర్లిట్జర్ పార్క్, కొట్‌బుసర్ టోర్ వైపు రాత్రి ఒంటరిగా వెళ్లొద్దు, అక్కడ మత్తుమందులు అమ్మేవాళ్లు ఉంటారు. అలెగ్జాండర్ ప్లాట్జ్‌లో, రద్దీ ట్రైన్లలో బ్యాగు ముందుకు వేసుకో. ఫుట్‌పాత్ పక్కన ఎర్రటి దారి కనిపిస్తే అది సైకిళ్లది, దాని మీద నడిస్తే తిట్టేసి పోతారు. పోలీసులకు 110, అంబులెన్స్‌కు 112. ఈ రెండు నంబర్లూ అమ్మకు కూడా చెప్పు, నీకు అన్నీ తెలుసని ఆవిడకు ధైర్యంగా ఉంటుంది.

ఊరు దాటాలనిపిస్తే ముందు సెమెస్టర్ టికెట్ చెల్లే డ్రెస్డెన్, లైప్జిగ్ చూసి రా. రీజినల్ ట్రైన్లలో టైమ్ పడుతుంది, డబ్బు పడదు. ప్రాగ్ సంక్రాంతి తర్వాత పెట్టుకున్నా మించిపోయేది లేదు.

అడిగిన అమ్మాయి

చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. పారిస్ టికెట్ ఇంకా బుక్ చేయలేదు, ఆపేశాను. ఒక్క ఆదివారం, ఒక్కదాన్నే, ఖర్చు లేకుండా వెళ్లాలంటే ఎటు వెళ్లమంటారు?

జవాబు

ఎస్7 ట్రైన్ ఎక్కు చెల్లీ. ముందు గ్రూనెవాల్డ్‌లో దిగి 17వ నంబర్ ప్లాట్‌ఫామ్‌కు వెళ్లు. 1941 నుంచి బెర్లిన్ యూదులను వేల మందిని నాజీలు అక్కడి నుంచి రైళ్లలో, యూదులను బంధించి ఉంచిన వాడలకు, చావు శిబిరాలకు పంపారు. పట్టాల పొడవునా ఇనుప పలకల మీద ప్రతి రైలు తేదీ, ఎంతమందిని ఎక్కించారు, ఎక్కడికి అని రాసి ఉంటుంది. అక్కడ తొందరపడకు, ఒక్కో తేదీ చదువుకుంటూ నడువు. తర్వాత మళ్లీ అదే ట్రైన్ ఎక్కి వాన్‌జేలో దిగు. అక్కడి నుంచి సరస్సు అవతల ఉన్న క్లాడోకు ఎఫ్10 లాంచీ ఉంటుంది, 20 నిమిషాల ప్రయాణం. అది కూడా సిటీ బస్సు లెక్కే, నీ టికెట్ చెల్లుతుంది. ఒడ్డున టిఫిన్ బాక్స్ తెరుచుకుని తిని, తిరుగు లాంచీలో వచ్చేయ్. ఇంకా ఓపిక ఉంటే ఎస్7లోనే చివరిదాకా వెళ్తే పోట్స్‌డామ్, అక్కడ సాన్సూసి రాజభవనం తోటలకు ప్రవేశం ఉచితం.

చలి కోటు, నీళ్లకు తడవని బూట్లు హైదరాబాద్‌లో కొనకు. ఇక్కడికొచ్చాక సెకండ్ హ్యాండ్ షాపులో నేను చూపిస్తాను. ఆ సూట్‌కేస్ బరువుకు బదులు కందిపొడి తెచ్చుకో.